బూడిదే లేనప్పుడు కలశం దేనికి?

రాతిబొమ్మ: వియన్నా అగస్టీనియన్ చర్చిలో ఆస్ట్రియా రాకుమారి మరియా క్రిస్టినా స్మారకం చూశారా? ఇటలీ శిల్పి కనోవా 1805లో పూర్తిచేశాడు. పాలరాతి పిరమిడ్, మధ్యలో చీకటి గుమ్మం, అందులోకి నడుస్తున్న మనుషులు. ఒకామె చేతిలో చితాభస్మ కలశం. ఆ రాకుమారిని దహనమే చెయ్యలేదు! శరీరం కపుచిన్ చర్చి నేలమాళిగలో ఉంది. ఇది దుఃఖమా, నాటకమా?

గోదారిగట్టు: గ్రీకు, రోమన్ల గుర్తు అండీ అది. కనోవాకి ముందు ఏముండేదో చూడండి: ఏడో అలెగ్జాండర్ పోపు సమాధి మీద శిల్పి బెర్నీని ఇసుక గడియారం పట్టిన అస్థిపంజరాన్ని పెట్టాడు. ప్రాచీనులు చావును దివిటీ తలకిందులుగా పట్టుకున్న కుర్రాడిగా చూపారని 1769లో జర్మన్ రచయిత లెస్సింగ్ రాశాడు. భయపెట్టడం పోయి, ఏడవడం వచ్చింది.

రాతిబొమ్మ: చరిత్ర అడగలేదు. కలశంలో ఏముంది?

పాతసామాను: కలకత్తా పార్క్ స్ట్రీట్ గోరీల మీదా కలశాలే. వాళ్ళనీ పూడ్చారు 🙂

గోదారిగట్టు: కలశం వదిలెయ్యండి సార్. వెనక ఆ ముసలాయన్ని చూడండి. నడుం వంగిపోయింది, ఓ ఆడమనిషి చెయ్యి పట్టి మెట్టెక్కిస్తోంది. మెట్ల మీంచి పల్చటి గుడ్డ నీళ్ళలా జారుతుంది.

రాతిబొమ్మ: ఆ ముసలాయన రాకుమారికేమవుతాడు? ఏమీ కాడు! అసలా నమూనా చిత్రకారుడు టిషియన్ కోసం తయారైంది. కనోవా పోయాక శిష్యులు 1827లో వెనిస్‌లో ఆయనకే అదే కట్టారు. రెడీమేడ్ ఏడుపు. గుమ్మం పైన ‘ఉత్తమ ఇల్లాలికి, ఆల్బర్ట్’ అని లాటిన్‌లో ఉంది. మొగుడేడీ ఆ వరసలో? డబ్బిచ్చి ఊరుకున్నాడు.

గోదారిగట్టు: ఆ స్మారకంలోనే సింహం మీద వాలిన రెక్కల కుర్రాడే ఆయన దుఃఖమంటారు. మీ కోపం కనోవా మీద కాదులెండి.

రాతిబొమ్మ: కాదు. నాన్న రెండేళ్ళు మంచాన పడితే మా అన్నయ్య ఒక్కసారి రాలేదు. ఇప్పుడు ఊరి చివర గ్రానైట్ మండపం, మీద తన పేరు. అస్థికల కుండ ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి దాకా బస్సులో వెళ్ళింది నేను.

పాతసామాను: అయ్యో.

గోదారిగట్టు: నేను మా అమ్మ పోయినప్పుడు ఏడవలేదు. కన్నీటి చుక్క రాలేదు. పిన్నులు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. ఏడ్చినవాళ్ళకే దుఃఖమని మీరంటే నేనొప్పుకోను. నాకు ఎవరో చెక్కిన మొహమే కావాల్సొచ్చింది.

రాతిబొమ్మ: ...ఆ గుడ్డ నేను గమనించలేదు. కలశం మాత్రం తప్పే.