సమస్యాపూరణం: ఓడిన జట్టునకె జనము లోహో యనిరే

నిర్వాహకుడు (అనంతపురం):
ఈ వారం సమస్య కందపాదం. దీన్ని నాలుగో పాదంగా పెట్టుకుని, పైన మూడు పాదాలు మీరు కూర్చాలి.

*ఓడిన జట్టునకె జనము లోహో యనిరే*

ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, డకారం. పాదాలన్నీ గురువుతోనే (రెండు మాత్రల అక్షరంతో) మొదలవ్వాలి. సమస్య అచ్చుతో మొదలవుతోంది కాబట్టి, మూడో పాదం చివర ద్రుతం (నకారం) వచ్చి 'నోడిన' అయినా, యడాగమం (యకారం) వచ్చి 'యోడిన' అయినా దోషం పట్టం.

సందర్భం చెప్తాను. 2024 ఏప్రిల్ 15, సోమవారం. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని కూర్చున్నాం. మా సెక్షన్‌లో ఒకాయనకు బెంగళూరు నుంచి బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ళ స్నేహితులు రాలేమన్నారట, చిన్నస్వామి స్టేడియంలో ఆ రాత్రి బెంగళూరు, హైదరాబాద్ ఐపీఎల్ మ్యాచ్‌కు నాలుగు టికెట్లు మిగిలాయట. పెరుగన్నం కూడా పూర్తి చేయకుండా లేచాం. సగం రోజు సెలవు చీటీలు రాసి ఆఫీసరు ముందు పెడితే, ఆయన సంతకం పెట్టి, "నాలుగో టికెట్ ఎవరికి?" అన్నాడు. అంతే, బాడుగ కారులో వెనక సీటు ఆయనదే అయింది. పెనుకొండ కొండ, కియా ఫ్యాక్టరీ దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ తాగాం. అక్కడిదాకా కారు పరిగెత్తింది, హెబ్బాళ దగ్గర మాత్రం నిలబడిపోయింది. ఆ ట్రాఫిక్‌లోనే ఆఫీసరుగారు చొక్కా విప్పి బెంగళూరు జట్టు ఎర్ర టీషర్టు తొడుక్కున్నాడు. ఎప్పుడు కొన్నాడో, ఎక్కడ దాచాడో అడగలేదు.

టాస్ గెలిచి బెంగళూరు బౌలింగ్ తీసుకుంది. హైదరాబాద్ 3 వికెట్లకు 287 కొట్టింది. ట్రావిస్ హెడ్ 39 బంతుల్లో సెంచరీ చేశాడు. అంతకు ముందు నెలలోనే ముంబయి మీద ఇదే జట్టు 277 చేసింది. ఐపీఎల్‌లో అదే అత్యధికం అనుకుంటుంటే, దాన్ని మా కళ్ళ ముందే దాటేశారు. నా పక్కన ఎర్ర జెర్సీ పెద్దాయన ఒకాయన, ఆరు అంకె వేసిన అట్టముక్కను ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో దినేశ్ కార్తీక్ 35 బంతుల్లో 83 కొడుతుంటే అదే అట్ట పైకి లేచి, విరిగి, రెండు ముక్కలైంది. బెంగళూరు 262 దగ్గర ఆగింది. 25 పరుగుల తేడాతో ఓడిన జట్టుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు జనం. పూరణలు ఆ రాత్రి మీదే ఉండాలని నియమమేమీ లేదు.

సెక్షన్ మిత్రుడు (అనంతపురం):
కారులో నేనూ ఉన్నాను కాబట్టి మొదటి పూరణ నాదే.

*బాడుగ బండిని బట్టియు*
*నేడింటికి జేరి గేటు నెదుట నిలువగా*
*స్టేడియ మెఱ్ఱగ నూగగ*
*నోడిన జట్టునకె జనము లోహో యనిరే*

గుత్తి మాస్టారు:
నడక బాగుంది నాయనా. గణాలు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జోడీ అక్షరం), ప్రాస దేనికీ వంక లేదు. 'పట్టియు'లో 'యు' పాదపూరణకే వచ్చింది, పోనీలే. కానీ మీరు గేటు దగ్గరికి చేరింది ఏడింటికి. ఆట మొదలయ్యేది ఏడున్నరకు. టాస్ పడే వేళకే జట్టు ఎట్లా ఓడింది? మూడు పాదాలు దారి చెప్పాయి, సమస్య ముడి అట్లాగే ఉండిపోయింది. ఓడినవాళ్ళను ఎందుకు మెచ్చుకున్నారో చెప్తేనే పూరణ.

ధర్మవరం అక్కయ్య:
మాస్టారూ, నా ప్రయత్నం. అంకెలను భూతసంఖ్యల్లో, అంటే అంకెకు బదులు దాన్ని సూచించే మాటతో, పెట్టాను.

*గోడగ గిరివసునేత్రము*
*లాడి యొకరు నిల్ప నవల యత్నము జూపన్*
*తోడనె కరరసకరముల*
*నోడిన జట్టునకె జనము లోహో యనిరే*

రాయదుర్గం తమ్ముడు:
అక్కా, గిరివసునేత్రం అంటే?

ధర్మవరం అక్కయ్య:
గిరులు ఏడు, వసువులు ఎనిమిది, నేత్రాలు రెండు. అంకెలను కుడి నుంచి ఎడమకు వేసుకోవాలి. 287. రెండోది కరం, రసం, కరం: రెండు, ఆరు, రెండు. అది ఎటు నుంచి చదివినా 262 యే.

గుత్తి మాస్టారు:
ఆ 262 అట్లా కుదరడం మీ అదృష్టం, దాన్ని పట్టుకోవడం మీ చూపు. శాసనాల్లో శక సంవత్సరాలు చెప్పడానికి వాడిన పద్ధతిని స్కోరు బోర్డు మీదకు తెచ్చారు, ముచ్చటేసింది. 'లాడి'లో ఆకారానికి 'యత్నము'తో యతి చెల్లింది. 'తోడనె' మాత్రం ప్రాస పిలిస్తే వచ్చింది, అర్థం పిలిస్తే కాదు. ఇరవై ఓవర్లు ఆడి ఓడినవాళ్ళు వెంటనే ఓడారని ఎట్లా అంటాం? ఆ ఒక్క మాట మార్చి చూడండి.

హిందూపురం మిత్రుడు:
ఆఫీసరుగారి మీద నాది.

*వేడుకకని సెలవడిగిన*
*తోడుగ వత్తునని తానె దొరయు ననంగా*
*చూడగ కార్తికు మోతకు*
*నోడిన జట్టునకె జనము లోహో యనిరే*

గుత్తి మాస్టారు:
మొదటి రెండు పాదాలు చదివి మా ఇంట్లో వాళ్ళకు కూడా వినిపించాను. 'దొర' ఇక్కడ భలే పడింది. మూడో పాదంలోనే చిక్కు. 'మోతకు నోడిన జట్టు' అని కలిపి చదివితే, కార్తీక్ కొట్టిన దెబ్బలకు ఓడిపోయిన జట్టు అవుతుంది. ఆయన ఆడిందే ఓడిన జట్టుకు కదా! 'మోతకు' తీసి 'బాదగ' పెట్టండి. 'చూడగ కార్తికు బాదగ, నోడిన' అంటే భగణం (గురువు, రెండు లఘువులు) భగణంగానే ఉంటుంది, అన్వయమూ తిన్నగా వస్తుంది.

హిందూపురం మిత్రుడు:
నిజమే సార్, సొంత జట్టు చేతిలోనే ఓడించేశాను. మార్చుకుంటాను.

రాయదుర్గం తమ్ముడు:
కందం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

*ఆడిన బంతులు సిక్సులె*
*కూడిన జనమంతా లేచి గొంతెత్తిరిగా*
*స్టేడియ మదరగ నొకపరి*
*యోడిన జట్టునకె జనము లోహో యనిరే*

గుత్తి మాస్టారు:
అబ్బీ, చెవి ఉంది నీకు. రెండో పాదంలో ఒక మాత్ర ఎక్కువైంది. 'కూడిన' భగణం, 'జనమం' సగణం (రెండు లఘువులు, గురువు), ఆ తర్వాత 'తాలే' గగం (రెండు గురువులు). మొదటి పాదం నుంచి లెక్కిస్తే ఇది ఆరో గణం, అక్కడ జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) ఉండాలి, గగం కుదరదు. యతిస్థానం కూడా అక్కడే పక్కకు జరిగింది. దీర్ఘం తీసి 'జనమంత లేచి' అను. 'త లేచి' జగణమవుతుంది, 'గొంతెత్' ఏడో గణమై కూ–గొం యతి సరిపోతుంది. ఇక ఆడిన బంతులన్నీ సిక్సులేనా? రెండు జట్లూ కలిపి కొట్టినవి 38. అతిశయోక్తి అలంకారమే కనుక వదిలేస్తున్నా. 'స్టేడియము' బదులు 'క్రీడాంగణము' వాడినా ప్రాస కుదిరేది, ఆలోచించు.

ధర్మవరం అక్కయ్య:
వద్దు మాస్టారూ. బస్సులో వెళ్ళేవాడు స్టేడియం స్టాపే అడుగుతాడు. క్రీడాంగణం ఎక్కడని అడిగితే కండక్టరు దించేస్తాడు. పిల్లవాణ్ణి అట్లాగే రాయనివ్వండి.

గుత్తి మాస్టారు:
సరే తల్లీ, మీ మాటే కానివ్వండి. తాడిపత్రి వారు ఇంకా పలకలేదే?

తాడిపత్రి కవి:
చదువుతూ కూర్చున్నాను. అనంతపురం జిల్లావాళ్ళకు హైదరాబాదు జట్టు భాషకు చుట్టం, బెంగళూరు జట్టు దారికి చుట్టం. మా ఇంట్లోనే ఆ రాత్రి అన్నదమ్ములు చెరో వైపు. అందుకే సమస్యనే ప్రశ్నగా తిప్పాను.

*చూడగ వచ్చిరి చరితను*
*క్రీడను వలచిరి, గెలుపును గెలిచె నదియెగా*
*వీడుము పక్షము, మిత్రమ!*
*యోడిన జట్టునకె జనము లోహో యనిరే?*

గుత్తి మాస్టారు:
ఇదీ పూరణంటే. 'జట్టునకె'లో ఎకారాన్నీ, 'అనిరే'లో ఏకారాన్నీ మిగతా అందరం ఊరికే మోశాం, ఈయన వాటితో పని చేయించాడు. ఓడినవాళ్ళకు మాత్రమేనా, ఇద్దరికీ అన్నారు కదా అని జవాబు లోపలే ఉంది. 'గెలుపును గెలిచె' అన్నది ఆటే అని తెలియడానికి రెండోసారి చదవాల్సి వస్తోంది. అది దోషమని నేననను.

నిర్వాహకుడు (అనంతపురం):
రెండు ఇన్నింగ్స్ కలిపి 549. టీ20 మ్యాచ్‌ల్లో అప్పటిదాకా అన్ని పరుగులు ఎక్కడా రాలేదు. ఆ అంకెతో ఎవరైనా రాస్తారా?

రాయదుర్గం తమ్ముడు:
నేను రాస్తాను సార్. శరాలు ఐదు, వేదాలు నాలుగు, నిధులు తొమ్మిది. శరవేదనిధి, అంతే కదా అక్కా?

ధర్మవరం అక్కయ్య:
అట్లా రాస్తే 945 అవుతుంది తమ్ముడూ. నిధి, వేదం, శరం అని తిప్పి రాయి. రేపు సాయంత్రంలోపు పెట్టు, మాస్టారు నిద్రపోయే ముందు చూస్తారు.