బడిలో పనిచేస్తూ ఎంఎడ్ చేసినవారు దారి చెప్పగలరా?

నమస్కారం. బొబ్బిలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 11 ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఎప్పటికైనా నెల్లిమర్ల డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లాంటి చోట కాబోయే ఉపాధ్యాయులకు పాఠం చెప్పాలన్నది నా కోరిక. అందుకే బీఎడ్ తర్వాతి పీజీ కోర్సు ఎంఎడ్ చేయాలనుకుంటున్నాను.

బీఎడ్‌లో 58 శాతం వచ్చింది కాబట్టి 50 శాతం అర్హతకు ఇబ్బంది లేదు. చిక్కంతా హాజరుతోనే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం ఇది రెండేళ్ల కోర్సు. ఏటా 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం, క్షేత్రస్థాయి శిక్షణకు 90 శాతం హాజరు ఉండాలి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా బడి మానకుండా చదవడం కుదరదు. కాగితం మీద హాజరు వేసే కళాశాలలు ఉన్నాయని ఒకరు సలహా ఇచ్చారు. అలాంటి పట్టా నాకు వద్దు, పిల్లల ముందు నిలబడలేను.

కాబట్టి అడుగుతున్నాను. చదువు సెలవుకు దరఖాస్తు పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాయకముందే పెట్టారా, సీటు వచ్చాకా? మంజూరుకు ఎన్ని నెలలు పట్టింది? ఆ రెండేళ్లు జీతం, ఇంక్రిమెంట్ల సంగతి ఏమైంది? ఇగ్నో దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్ ఇంటి దగ్గర నుంచే చదవవచ్చు గానీ, డైట్ పోస్టులకు దాన్ని ఎంఎడ్‌తో సమానంగా చూశారా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ దారిలో నడిచినవారు మీ అనుభవం రాయండి. దరఖాస్తుల గడువు మొదలయ్యేలోగా నిర్ణయించుకోవాలి.