అగ్గి తెగులు: పీఎంకే1ను ఆపే మందు ఎందుకు లేదు?

మాది కర్నూలు. కేసీ కెనాల్ కింద బీపీటీ 5204 వరి వేస్తాం, అగ్గి తెగులంటే ఇంట్లో అందరికీ టెన్షనే. నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రంలో పీఎంకే1 అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పనిని నియంత్రించే ఎంజైమ్) జన్యువు తీసేస్తే, ఆకును పొడిచి లోపలికి దారి చేసే అప్రెసోరియం అనే భాగమే ఏర్పడదని 1996లోనే తేలింది. లోపల చేరాక ఒక కణం నుంచి పక్క కణానికి పాకడానికీ అదే కావాలని 2018లో బయటపడింది, నాకు బాగా ఆశ కలిగించింది ఇదే. మరి రైతులు ఇంకా శిలీంధ్రంలో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం తయారీని ఆపే ట్రైసైక్లజోల్ లాంటి మందుల మీదే ఎందుకు ఆధారపడాల్సి వస్తోంది? పీఎంకే1 చెందిన మ్యాప్ కైనేజ్ కుటుంబం ఎంజైములు వరిలోనూ మనుషుల్లోనూ ఉండటమే అడ్డంకా? శిలీంధ్రంలోని దాన్ని మాత్రమే ఆపే మార్గం ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నా ప్రాజెక్టుకు ఈ అంశమే తీసుకోవాలనుంది.