రోడ్స్‌లో పాత రసాయన కర్మాగారం నేల మీద ఇల్లు: కొనవచ్చునా?

ప్రశ్న అడిగినవారు: నదిగట్టు

నమస్కారం. మేము సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్‌లో ఏడేళ్లుగా అద్దెకు ఉంటున్నాము. ఈ ఏడాది సొంత ఇల్లు కొనుక్కోవాలని తిరుగుతుండగా, పారమట్టా నది దక్షిణపు ఒడ్డున, రోడ్స్ పశ్చిమ భాగంలో, ఒక అపార్ట్‌మెంటు భవనపు నేల అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు మాకు నచ్చింది. రైలు స్టేషను నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది, ఎదురుగా హోమ్‌బుష్ అఖాతం కనిపిస్తుంది. అన్నిటికీ మించి వెనుక వైపు చిన్న పెరడు ఉన్నది. వచ్చే సంవత్సరం మా అత్తయ్య రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చేస్తారు. ఆ పెరట్లో గోంగూర, తోటకూర, ఒక బీరపాదు పెట్టుకోవచ్చునని ఆవిడ ఫొటోలు చూసి అప్పుడే లెక్కలు వేసుకున్నారు.

ఇంతలో మావారు ఆ స్థల చరిత్ర చదివి, అక్కడ ఒకప్పుడు యూనియన్ కార్బైడ్ కర్మాగారం ఉండేదని చెప్పారు. "భోపాల్ వాళ్లదేనా?" అని అత్తయ్య ఒక్క మాట అడిగారు. అవునన్నాము. ఆ తరువాత ఆవిడ ఆ ఇంటి ప్రస్తావన తేవడమే మానేశారు. అమ్మకం చూసే ఏజెంటు మాత్రం "నేలంతా శుద్ధి చేసేశారు, ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది" అని ఒకే మాట చెబుతున్నాడు. శుద్ధి చేశారంటే ఏ మేరకు చేశారు, దానిని మావంటి మామూలు కొనుగోలుదారులు ఎలా తెలుసుకోవాలి, పెరట్లో కూరగాయలు పండించుకు తినవచ్చునా అన్నవి నా సందేహాలు. భయపెట్టడానికో ధైర్యం చెప్పడానికో కాకుండా, విషయం తెలిసినవారు వివరంగా రాస్తే కృతజ్ఞురాలిని.

సమాధానం: మట్టిపరీక్ష

నేను ఈ రాష్ట్రంలోనే కలుషిత నేలల పరిశీలన పని చేస్తాను. రోడ్స్ శుద్ధి పనిలో నా పాత్ర ఏమీ లేదు కనుక కొంత నిష్పక్షపాతంగానే చెప్పగలనని అనుకుంటున్నాను.

ముందుగా చరిత్ర. రోడ్స్ పశ్చిమ భాగం మొత్తం ఒకే కంపెనీది కాదు. అక్కడ రంగుల కర్మాగారం ఉండేది, పశువుల దాణా మిల్లు ఉండేది, 1964లో సిడ్నీకి తొలి రెండంతస్తుల రైలు పెట్టెలను తయారుచేసిన టలక్ కర్మాగారం కూడా అక్కడిదే. కాబట్టి మీరు చూసిన భవనం వీటిలో ఏ ముక్క మీద ఉన్నదో తెలుసుకోవడం మొదటి పని. రసాయనాల కథ 1928లో టింబ్రోల్ అనే సంస్థతో మొదలైంది. దానిని 1957లో యూనియన్ కార్బైడ్ తీసుకున్నది. అక్కడ తయారైన కలుపు మందులలో 2,4,5-టి ఒకటి. వియత్నాం యుద్ధంలో అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగభాగం ఇదే. దీనిని తయారుచేసేటప్పుడు ఎవరూ కోరకుండానే పుట్టే అతి విషపూరితమైన మలినం డయాక్సిన్. కర్మాగారపు వ్యర్థాలను అఖాతంలోకి నింపి, గోడ కట్టి, ఆ విధంగా కొత్త నేలను కూడా సంపాదించారు. అంటే నేడు నది పక్కన నడకదారులు ఉన్న చోట కొంత భాగం అసలు నేలే కాదు, నీటిలో పోసిన చెత్త మీద వెలసిన గట్టు.

1980ల మధ్యలో కర్మాగారం మూతపడిన తరువాత జరిగిన మొదటి విడత శుద్ధి నివాసాలకు సరిపోలేదు. అసలైన పని 2005 నుంచి 2011 వరకు నడిచింది. మట్టిని తవ్వితీసి, మూసి ఉన్న యంత్రాలలో కొన్ని వందల డిగ్రీల వరకు వేడిచేసి, అందులోని విషపదార్థాలను ఆవిరిగా వేరుపరిచి, ఆ ఆవిరిని విడిగా పట్టి నాశనం చేసి, చల్లారిన మట్టిని తిరిగి నింపారు. కలుషిత మట్టిని లారీలలో ఎక్కించి ఇంకొక ఊరి శివారులో పారబోయడంతో పోల్చితే ఇది ఎంతో ఖరీదైన, నిజాయితీ గల పద్ధతి. గోడకు దగ్గరగా ఉన్న అఖాతపు అడుగు బురదను కూడా తీసి శుద్ధి చేశారు. కానీ నది మొత్తాన్ని ఎవరూ శుద్ధి చేయలేదు, చేయడం సాధ్యమూ కాదు.

ఇక మీ అసలు సందేహం. "శుద్ధమైన నేల" అనే మాటకు మా వృత్తిలో విడిగా అర్థం లేదు; "ఫలానా ఉపయోగానికి తగినంత శుద్ధమైన నేల" అనే మాటకే అర్థం ఉన్నది. ఆస్ట్రేలియా జాతీయ ప్రమాణాలలో పెరడు ఉండే ఇళ్లకు ఒక కొలత, మట్టిని తాకే అవకాశం దాదాపు లేని బహుళ అంతస్తుల ఇళ్లకు ఇంకొక కొలత, ఉద్యానవనాలకు మరొకటి, కర్మాగారాలకు వేరొకటి. ఉదాహరణకు సీసం (లెడ్) అనే లోహాన్ని తీసుకోండి. పెరటి ఇళ్లకు కిలో మట్టిలో 300 మిల్లీగ్రాములు దాటితే మరింత పరిశీలన అవసరమంటారు. అదే అపార్ట్‌మెంట్లకైతే ఆ అంకె 1200. రెండూ నివాసాలే, రెంటికీ "నివాసయోగ్యం" అన్న ముద్రే పడుతుంది. పెరటి ఇళ్ల కొలతలో కూడా ఒక ఊహ దాగి ఉన్నది: ఆ కుటుంబం తినే పండ్లు, కూరగాయలలో పదోవంతుకు మించి ఆ మట్టిలో పండినవి ఉండవని, కోళ్లను పెంచరని అనుకునే ఆ అంకెలు వేశారు. రోజూ ఆకుకూర వండుకునే తెలుగు ఇంటిని ఆ లెక్క వేసినవారు చూసి ఉండరు.

అందువలన ఏజెంటు మాటను పక్కన పెట్టి కాగితాలు అడగండి. న్యూ సౌత్ వేల్స్‌లో ఇంటి అమ్మకపు ఒప్పందానికి కౌన్సిల్ ఇచ్చే సెక్షన్ 10.7 ప్లానింగ్ సర్టిఫికెట్ జతచేయడం తప్పనిసరి. ఆ నేలకు సంబంధించి కౌన్సిల్‌కు సైట్ ఆడిట్ స్టేట్‌మెంట్ అంది ఉంటే, ఆ సంగతి ఈ సర్టిఫికెట్‌లో ఉంటుంది. శుద్ధి చేసిన సంస్థ పనిని, పర్యావరణ శాఖ గుర్తింపు పొందిన స్వతంత్ర ఆడిటర్ తనిఖీ చేసి ఇచ్చే పత్రం అది. దానిలో రెండు చోట్లు మాత్రం కళ్లు పెట్టి చదవండి. ఒకటి, నేల ఏ ఉపయోగానికి తగినదని ఆడిటర్ గుర్తు పెట్టారు. రెండవది, ఆ ఆమోదానికి ఏదైనా పర్యావరణ నిర్వహణ ప్రణాళికను షరతుగా పెట్టారా. "ఇంత లోతుకు మించి తవ్వరాదు" వంటి మాటలు ఆ ప్రణాళికలోనే ఉంటాయి.

సమాధానం: గ్యాస్‌కంపెనీ గట్టు

మట్టిపరీక్ష గారి వివరణ చాలా బాగున్నది. నేను రోడ్స్‌కు దిగువన ఇదే నది ఒడ్డున ఉన్న బ్రేక్‌ఫాస్ట్ పాయింట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. (1788లో వచ్చిన తొలి ఆంగ్లేయులు అక్కడి ఆదివాసులైన వాంగల్ జనులను కలుసుకుని ఆ ఒడ్డున ఫలహారం చేశారని ఆ పేరు వచ్చింది. ఊరి పేరు టిఫిన్ గట్టు అని చెబితే మా నాన్నగారు ఈనాటికీ నవ్వుతారు.) ఇప్పుడు చెట్లు, వరుస ఇళ్లు, పచ్చికబయళ్లతో ప్రశాంతంగా కనిపించే ఈ కాలనీ 1886లో మొదలైన మోర్ట్‌లేక్ గ్యాస్ కర్మాగారం నేల. న్యూకాజిల్ నుంచి ఓడలలో వచ్చిన బొగ్గును ఇక్కడ గాలి తగలకుండా వేడిచేసి, వచ్చిన వాయువును సిడ్నీ వీధిదీపాలకు, పొయ్యిలకు పంపేవారు. 1976లో సహజ వాయువు నగరానికి చేరడంతో బొగ్గు వాయువుకు కాలం చెల్లింది. అటువంటి పాత బొగ్గు ఓడలలో ఒకటైన ఎయిర్‌ఫీల్డ్ తుప్పుపట్టి, పొట్టలో మడచెట్లు మొలిచి, హోమ్‌బుష్ అఖాతంలోనే నిలిచి ఉన్నది. మీరు ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు దానిని కూడా చూసే ఉంటారు.

నేను చెప్పదలచినది ఏమిటంటే, ఏ కర్మాగారం ఉండేదన్న దానిని బట్టి భయపడవలసిన దారి మారుతుంది. డయాక్సిన్ నీటిలో కరగదు, గాలిలోకి సులువుగా లేవదు, మట్టికీ బురదకీ అతుక్కుని ఉండిపోతుంది. అది మనిషిలోకి వచ్చే ముఖ్యమైన దారి ఆహారం, అందులోనూ కొవ్వు. గ్యాస్ కర్మాగారాల తారులో ఉండే బెంజీన్, నాఫ్తలీన్ అలా కాదు. అవి నేల లోపలి నుంచి ఆవిరిగా పైకి వచ్చి, ఇంటి అడుగున పగుళ్ల గుండా గదులలో చేరగలవు. కనుక ఇటువంటి నేలలో తోటకన్నా ముందు అడగవలసినది, ఇంటి పునాది కింద ఆవిరిని ఆపే పొర వేశారా, నేలమాళిగ పార్కింగుకు గాలి ప్రసారం ఎలా ఉన్నది అన్న ప్రశ్న.

ఇంకొక విషయం డబ్బుకు సంబంధించినది. నిర్వహణ ప్రణాళిక ఉంటే దానిని అమలు చేయవలసిన భారం బిల్డరు వెళ్లిపోయిన తరువాత భవన యజమానులందరి మీద, అంటే ఓనర్స్ కార్పొరేషన్ మీద పడుతుంది. కాబట్టి స్ట్రాటా రికార్డుల, అంటే భవనపు ఉమ్మడి యాజమాన్యపు రికార్డుల, తనిఖీ చేయించేటప్పుడు, గత సమావేశాల మినిట్స్‌లో ఆ ఖర్చు ప్రస్తావన ఉన్నదేమో ప్రత్యేకంగా చూడమని చెప్పండి. నేను కొన్నప్పుడు నా కన్వెయన్సర్‌కు (ఇంటి కొనుగోలు కాగితాలు చూసిపెట్టే నిపుణుడికి) ఆ మాట తట్టలేదు, నాకూ తట్టలేదు.

సమాధానం: పటాన్‌చెరు పాతకాపు

నేను హైదరాబాద్‌లో రసాయన పరిశ్రమలలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పై ఇద్దరి పాండిత్యాన్ని గౌరవిస్తూనే, అమ్మాయీ, మీ అత్తగారి మాటను అంత తేలికగా తీసివేయవద్దని మనవి. పటాన్‌చెరు పరిశ్రమల పక్కన పారే నక్కవాగు రంగు మారడం నేను దగ్గర నుంచి చూసినవాడిని. "పరిమితులలోనే ఉన్నది" అన్న నివేదికలను కూడా అంతే దగ్గర నుంచి చూశాను. అంకెలు అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ మట్టి నమూనా ఎక్కడ తీశారన్నది ఎప్పుడూ ఒక మనిషి నిర్ణయమే.

అయితే ఒక తేడాను ఒప్పుకోవాలి. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగితే, అక్కడి కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు ఊరు దాటి పీథంపూర్‌లోని దహన కేంద్రానికి బయలుదేరినది 2025 జనవరిలో. ఆ ఆవరణలోని మట్టి, చుట్టుపక్కల భూగర్భజలాల సంగతి ఇంకా అలాగే ఉన్నది. కలుషిత స్థలాల నిర్వహణకు మన దేశంలో ప్రత్యేక నియమావళి వచ్చినదే 2025 జూలైలో. అదే కంపెనీ వదిలివెళ్లిన నేలను సిడ్నీలో వేడిచేసి శుద్ధి చేసి, ఆడిటర్ సంతకం పెట్టించి, ఆ కాగితాన్ని ఇల్లు కొనేవారి చేతికి అందే ఏర్పాటు చేశారు. ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక భూములలో అపార్ట్‌మెంట్ల మాట వినిపిస్తున్న ఈ రోజులలో, అటువంటి కాగితం ఒకటి ఉండాలని అడిగేవారు కూడా కనబడడం లేదు. నా అసూయ అంతా దానికే. అయినా నేనైతే ఆ పెరట్లో పండిన ఆకు తినను.

సమాధానం: మట్టిపరీక్ష

పాతకాపు గారితో నాకు పెద్ద పేచీ లేదు. నమూనాలు ఎక్కడ తీశారన్న పటం శుద్ధి అనంతర నివేదికలోనే ఉంటుంది. నదిగట్టు గారు ఆడిట్ నివేదికతో పాటు దానినీ కౌన్సిల్ నుంచి తెప్పించుకోవచ్చు. మెక్వారీ విశ్వవిద్యాలయంవారు పెరటి మట్టిని పరీక్షించి ఇచ్చే వెజ్‌సేఫ్ అనే కార్యక్రమం ఒకటి ఉన్నది. అయితే వారు చూసేది సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలను మాత్రమే. ఆ ఫలితం బాగున్నదని డయాక్సిన్ విషయంలో నిశ్చింతగా ఉండకూడదు.

తోట గురించి ఇంత మాట్లాడుకున్నాము కానీ, ఆ ప్రాంతంలో నిజంగా నిలిచి ఉన్న ప్రమాదం పెరట్లో కాదు, నీటిలో ఉన్నది. డయాక్సిన్ కారణంగా 2006లో, పారమట్టా నది వచ్చి కలిసే సిడ్నీ హార్బర్‌లో వాణిజ్య చేపల వేటను ఆపివేశారు. హార్బర్ వంతెనకు పడమర పట్టిన చేపలను, రొయ్యలను, పీతలను అసలు తినవద్దని, తూర్పున పట్టినవి సాధారణంగా నెలకు 150 గ్రాములు మించవద్దని ప్రభుత్వ సలహా ఇంకా అమలులో ఉన్నది. రోడ్స్ వంతెనకు పడమరే. శరీరంలో చేరిన డయాక్సిన్ సగానికి తగ్గడానికి ఏడు నుంచి పదకొండేళ్లు పడుతుంది. గోదావరి ఒడ్డు నుంచి వచ్చే పెద్దావిడకు నది పక్కన గాలంతో నిలబడిన మనిషి దగ్గర తాజా చేప కొనాలని అనిపించవచ్చు, ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: నదిగట్టు

అందరికీ ధన్యవాదాలు. పన్నెండు రోజుల తరువాత తిరిగి రాస్తున్నాను. ఒప్పందానికి జతచేసిన 10.7 సర్టిఫికెట్‌లో ఆడిట్ స్టేట్‌మెంట్ ప్రస్తావన ఒక్క వాక్యంలో ఉన్నది. మీరు చెప్పకపోయి ఉంటే ఆ వాక్యం మీదుగా నా చూపు జారిపోయి ఉండేది. కౌన్సిల్ నుంచి అసలు పత్రం తెప్పించాము. ఆడిటర్ గుర్తు పెట్టినది "మట్టిని తాకే అవకాశం అతి తక్కువగా ఉన్న నివాసం" అన్న గడిలో. పక్కనే ఉన్న "తోట గల నివాసం" గడి ఖాళీగా ఉన్నది. నిర్వహణ ప్రణాళిక కూడా ఉన్నది. మేము పెరడు అనుకున్నది నిజానికి పార్కింగు పైకప్పు మీద తెచ్చి పోసిన మట్టి అని, దాని కింద ఉన్న పొరను కదిలించరాదని అందులో రాశారు. పునాది కింద ఆవిరిని ఆపే పొర సంగతి, స్ట్రాటా మినిట్స్ సంగతి ఇంకా తేలవలసి ఉన్నది. కన్వెయన్సర్‌కు గ్యాస్‌కంపెనీ గట్టు గారి మాటలను ఇంగ్లీషులోకి మార్చి అలాగే పంపాను.

నేల అంతస్తుకు మేము అదనంగా ఇవ్వబోయినది ఆ పెరడు కోసమే కనుక దానిని వదులుకున్నాము. అదే భవనంలో మూడవ అంతస్తులో, తూర్పు ముఖపు బాల్కనీ ఉన్న ఇల్లు ఒకటి అమ్మకానికి వస్తోందట. పాతకాపు గారూ, మీ సమాధానాన్ని అత్తయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, బాల్కనీ పొడవు ఎన్ని అడుగులు, గోంగూరకు ఎంత లోతు కుండీ కావాలి, ఆ కుండీలలోకి మట్టి ఏ ఊరి నుంచి వస్తుంది అని అడిగారు. మొదటి రెంటికి జవాబు చెప్పాను. మట్టి సంచుల మీద ఊరి పేరు రాస్తారో లేదో ఈ శనివారం దుకాణానికి వెళ్లి చూడాలి.