ఫాంటమ్ (1996): డ్రెస్సు కరెక్టుగా కుట్టి కథ వదిలేశారా, జనమే పట్టించుకోలేదా?

సెకండ్‌షో_శీను:
నిన్న రాత్రి నిద్ర పట్టక బిల్లీ జేన్ హీరోగా చేసిన ఫాంటమ్ సినిమా పెట్టాను. మొదటిసారి చూసింది తొంభైల చివర్లో మా పెదనాన్న వాళ్ళింట్లో కేబుల్లో, మధ్యలో కరెంటు పోయి ఓ అరగంట ఎగిరిపోయింది, అయినా ఆ వయసులో తెల్లగుర్రం మీద వంకాయరంగు బట్టలేసుకున్న మనిషి కనపడితే అదే పండగ. ఇప్పుడు చూసినా నాకు బానే ఉంది, నిజంగా చెప్తున్నా. మరి ఇంత దారుణంగా ఎందుకు పోయింది అనేదే నా ప్రశ్న.

తెలీనివాళ్ళ కోసం: లీ ఫాక్ 1936లో పేపర్లకి మొదలెట్టిన బొమ్మల కథ ఇది, ముసుగు, ఒంటికి అతుక్కునే డ్రెస్సు, ఇవన్నీ సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్ళు ముందే. 1996 జూన్‌లో పారామౌంట్ వాళ్ళు సినిమాగా వదిలారు, సైమన్ విన్సర్ డైరెక్షన్, 45 మిలియన్ డాలర్ల దాకా ఖర్చు, అమెరికాలో వచ్చింది 17 మిలియన్ల చిల్లర. అదే రోజు ది రాక్ రిలీజు, పక్కన మిషన్ ఇంపాజిబుల్, ట్విస్టర్ ఇంకా ఆడుతున్నాయి. నా లెక్కలో తప్పు సినిమాది కాదు, టైముది. 1989 బ్యాట్‌మ్యాన్ తర్వాత ముసుగు హీరో అంటే చీకట్లో మొహం మాడ్చుకుని కూర్చోవాలని అందరూ ఫిక్సయిపోయారు, ఇక్కడేమో పట్టపగలు అడవిలో నవ్వుతూ, కొట్టే ముందు కూడా మర్యాదగా మాట్లాడే హీరో. రోజర్ ఈబర్ట్ లాంటి పేరున్న సినిమా విమర్శకుడు నాలుగుకి మూడున్నర స్టార్లు ఇచ్చాడు, జనం మాత్రం రాలేదు. కామిక్‌కి ఇంత నిజాయితీగా తీసిన సినిమా ఆ పదేళ్ళలో ఇంకోటి చూపించండి చూద్దాం.

డెంకాలి_వాసి:
శీనన్నా, నీ మీద గౌరవంతోనే చెప్తున్న, నిజాయితీ అంటున్నవ్ గని అది డ్రెస్సు వరకే.

కామిక్‌ల అసలు సంగతేంది? 1536ల సముద్రపు దొంగలు ఓడ మీద పడి తండ్రిని చంపుతరు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొడుకు ఆ హంతకుని పుర్రె మీద ఒట్టేస్తడు. ఆని తర్వాత ఆని కొడుకు, ఆని తర్వాత ఇంకో కొడుకు, అదే ముసుగు, అదే గుహ, అదే ఉంగరం, ఇప్పుడున్నోడు 21వ వాడు. బయటోళ్ళకు మాత్రం ఒక్కడే, 400 ఏండ్ల సంది తిరుగుతున్నడు, చావు లేదు. అంటే దయ్యం లేదు, మంత్రం లేదు, ఉన్నదల్లా తాత ముత్తాతల నుంచి మోసుకొస్తున్న గుట్టు ఒక్కటే. అది చదివేటోనికి తెలుసు, విలన్‌కు తెల్వదు, మజా అంతా అక్కడ్నే ఉంది.

సినిమాల ఏం చేసిన్రు? మొదటి రెండు నిమిషాలల్ల గుట్టు మొత్తం విప్పేసిన్రు. తర్వాత చచ్చిపోయిన తండ్రిని నిజం దయ్యంలెక్క తెచ్చి గుహల నిలబెట్టి కొడుక్కు సలహాలు ఇప్పించిన్రు. ప్యాట్రిక్ మెక్‌గూహన్ పెద్ద యాక్టరే, కాదంటలేను. కని ఫాంటమ్‌ను నడిచే దయ్యం అనుడు ఊర్లోళ్ళను నమ్మించే మాట అయిన కథల అసలు దయ్యాన్నే దింపినంక ఇంకేం మిగిలింది? దాని మీద విలన్ వెతికే మూడు మాయ పుర్రెలు కలిస్తే కిరణాలు వస్తయట. మాయలు కావాల్నంటే అదే లీ ఫాక్ దగ్గర మాండ్రేక్ అనే మాంత్రికుడు ఉన్నడు గద.

సెకండ్‌షో_శీను:
తమ్ముడూ, మొదట్లోనే గుట్టు విప్పడం కామిక్ పద్ధతే కదా! ప్రతి కథ మొదట్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం అని మొత్తం పురాణం ఓ పేజీలో చెప్పేవాళ్ళు, సినిమా కూడా అదే వాక్యంతో మొదలవుతుంది. అది చూసి నాకు ఒళ్ళు పులకరించింది. తండ్రి దయ్యం సంగతి మాత్రం ఒప్పుకుంటా, నాకూ నచ్చలేదు.

గోదారి_గట్టు:
నేను కాస్త పుల్లవిరుపు మనిషిని, ఏమీ అనుకోకండి. హిందీలో ఈయన్ని వేతాల్ అన్నారు. చందమామ చదివి పెరిగిన మనకి బేతాళుడంటే చెట్టుకి తలకిందులుగా వేలాడుతూ విక్రమార్కుడి భుజమెక్కి తల తినేసేవాడు, ఆ పేరు విని గుర్రమెక్కే దొర ఎలా గుర్తొస్తాడండీ. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ ఫాంటమే.

సరే అసలు విషయానికొస్తే, మీరిద్దరూ దయ్యం ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ దొర సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నాలుగొందల ఏళ్ళు ఒక తెల్లాయన కుటుంబం అడవిలో సింహాసనం వేసుకుని కూర్చుంటే అక్కడివాళ్ళంతా కాపలా కాయడం, ఇది 1936లో చెల్లింది. మొదట్లో కథ జరిగేది ఆసియాలో, మన బెంగాల్ని తలపించే పేరుతో, తర్వాత మెల్లగా ఆఫ్రికాకి జరిపేశారు, పిగ్మీలు మాత్రం అలాగే ఉన్నారు. మన ఇంద్రజాల్ కామిక్స్ వాళ్ళు ఆ దేశం పేరు మార్చి డెంకాలి అన్నారు, సింగ్ అనే దొంగల ముఠా పేరు కూడా మార్చారు, ఇక్కడ ఎవరి మనసూ నొచ్చుకోకూడదని. సినిమావాళ్ళు ఇంకా తెలివిగా ఒక్క అక్షరం మార్చి సెంగ్ అన్నారు, గండం గట్టెక్కింది. ఇలా పేర్లు మార్చుకుంటూ ఎంతకాలం లాగుతారు? 1996కి ఆ కథే పాతబడిపోయింది, డ్రెస్సుదీ దయ్యానిదీ కాదు తప్పు.

డెంకాలి_వాసి:
పెద్దాయనా, మీరు చెప్పింది నిజమే గని, ఆ లెక్కన టార్జాన్ కూడా పోవాలె, పోలేదు గద. జనం అంత ఆలోచించి టికెట్ కొనరు.

మెల్‌బోర్న్_మాధవి:
శీను గారూ, మీ టైము వాదనకి ఇంకొంచెం నూనె పోస్తాను. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఫ్రూ అనే కంపెనీ 1948 నుంచి ఫాంటమ్ పుస్తకాలు వేస్తూనే ఉంది, నేను వచ్చిన కొత్తలో పేపర్ల షాపులో క్రికెట్ మ్యాగజీన్ పక్కన ఫాంటమ్ కనపడితే చిన్నప్పుడు విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో గుట్టల్లోంచి లాగిన ఇంద్రజాల్ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. స్వీడన్‌లో కూడా ఇంతేనట పిచ్చి. డైరెక్టర్ విన్సర్ ఇక్కడివాడే, స్టూడియో షూటింగ్ చాలావరకు క్వీన్స్‌లాండ్‌లో, అడవి థాయ్‌లాండ్‌లో. బిల్లీ జేన్‌కి కూడా ఈ కామిక్ పరిచయమైంది ఆస్ట్రేలియాలో డెడ్ కామ్ అనే సినిమా షూటింగ్‌కి వచ్చినప్పుడే, డ్రెస్సు లోపల దూది కండలు పెట్టకూడదని ఒళ్ళు అరగదీసుకున్నాడు పాపం.

అంటే ప్రేమించేవాళ్ళు ఇండియాలో, ఆస్ట్రేలియాలో, స్కాండినేవియాలో ఉన్నారు, లెక్కపెట్టేది మాత్రం అమెరికాలో మొదటి మూడు రోజుల వసూళ్ళు. అక్కడ పేపర్లలో సాహస కథల కాలం ఎప్పుడో పోయింది.

రంగు గురించి ఒక ముక్క. వంకాయరంగు కూడా అసలు ప్లాన్ కాదు, ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు, ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు ప్రింటింగ్‌లో ఊదా అయింది. స్వీడన్ వాళ్ళకి నీలం, ఇటలీ వాళ్ళకి ఎరుపు. ఇంద్రజాల్‌లో మొదట్లో నీలమే, కావాలంటే పాత అట్టలు చూడండి.

లెక్కల_మాస్టారు:
అందరూ టైము బాలేదు, 1930ల హీరోలు జనానికి తెలీదు అంటున్నారు కాబట్టి నేను కొంచెం నీళ్ళు చల్లుతాను.

బ్యాట్‌మ్యాన్ దెబ్బకి హాలీవుడ్ వాళ్ళు పాత హీరోలందర్నీ పెట్టెలోంచి తీశారు. 1990లో డిక్ ట్రేసీ, అమెరికాలోనే వంద మిలియన్లు దాటింది. 1991లో రాకెటీర్, అది కొత్త కామిక్కే గానీ వేషం మొత్తం 1938ది, పెద్దగా ఆడలేదు. 1994లో షాడో, అది అసలు సిసలు పల్ప్, అంటే చవక కాగితం మీద అచ్చేసే కథల పత్రిక సరుకు, 1931 నుంచి వచ్చిన మ్యాగజీను, రేడియోలో ఆర్సన్ వెల్స్ గొంతు, బ్యాట్‌మ్యాన్ మొదటి కథకి మూలం కూడా ఒక షాడో నవలే. అలెక్ బాల్డ్‌విన్‌ని పెట్టి 40 మిలియన్లు పోసి తీస్తే ప్రపంచం మొత్తం మీద 48 వచ్చాయి, థియేటర్ల వాటా పోగా ఏం మిగిలిందో మీరే ఊహించుకోండి. తర్వాత ఫాంటమ్. ఇంతవరకూ శీను గారి మాట కరెక్టే.

కానీ 1998లో ది మాస్క్ ఆఫ్ జోరో వచ్చింది. జోరో ఎప్పటివాడు? 1919, పల్ప్ మ్యాగజీన్‌లో సీరియల్. ఫాంటమ్ కంటే పదిహేడేళ్ళు పాత. ముసుగు ఉంది, గుర్రం ఉంది, నవ్వుతూ కొట్టే హీరో ఉన్నాడు, చీకటి మొహం లేదు, ఆఖరికి కేథరిన్ జీటా జోన్స్ కూడా ఉంది, ఫాంటమ్‌లో ఆడ పైలట్ల ముఠాకి నాయకురాలిగా చేసిన ఆవిడే. ఖర్చు 95 మిలియన్లు, ప్రపంచం మొత్తం వసూళ్ళు 250. రెండేళ్ళలో జనం మారిపోయారా?

సెకండ్‌షో_శీను:
మాస్టారూ, 95 ఎక్కడ 45 ఎక్కడ! పైగా వెనకాల స్పీల్‌బర్గ్ కంపెనీ, ముందు బాండెరాస్, పక్కన ఆంథొనీ హాప్‌కిన్స్. బిల్లీ జేన్‌ని అప్పటికి ఎవరు చూశారు, టైటానిక్ ఇంకో ఏడాదిన్నరకి గానీ రాలేదు.

లెక్కల_మాస్టారు:
డబ్బు ఒక్కటే అయితే పోల్చేవాణ్ణి కాదు. జోరో కథ గుర్తు తెచ్చుకోండి. ముసలి జోరో ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చి, ఒక తాగుబోతు దొంగని పట్టుకుని, గుండ్రటి గీతలు గీసి కత్తి నేర్పించి, ముసుగు అప్పజెప్తాడు. మనిషి మారినా ముసుగు మారదు. వినడానికి ఎక్కడో చదివినట్టు లేదూ?

డెంకాలి_వాసి:
అరె మాస్టారు, గదే! నేను అంతసేపు కొట్టుకున్నది గదే! ఫాంటమ్ అసలు ముక్క జోరో వాళ్ళు తీస్కపోయి సినిమా చేసుకున్నరు, ఫాంటమ్ సినిమా వాళ్ళు పుర్రెల వెంట ఉరికిన్రు.

ఇంకా కడుపుమంట ఏందంటే ఆ ముక్క ఈ సినిమాల కూడా ఉంది. క్విల్ అని జేమ్స్ రెమార్ చేసిన రౌడీ గుర్తున్నడా, ఆడు ఎన్నడో 20వ ఫాంటమ్‌ను, అంటే హీరో తండ్రిని, వెన్నుల పొడిచి చంపిండు. ఆ పుర్రె బకిలు బెల్టును గుర్తుగ నడుముకు కట్టుకొని తిరుగుతడు. అసొంటోని ముందటికి మళ్ళ అదే ముసుగు మనిషి వచ్చి నిలబడితే ఆడు బిత్తరపోతడు, నిన్ను చంపిన గద అంటడు. చూడు, 400 ఏండ్ల కథ మొత్తం ఆ ఒక్క చూపుల వచ్చింది. చంపినోడు భయపడాలె, హీరో నవ్వాలె, మనకు లోపల తెలిసుండాలె. దాని మీద సినిమా నడిపితే ఎట్లుండేది! నాలుగు మాటలల్ల తేల్చేసి మళ్ళ న్యూయార్క్, మళ్ళ మ్యూజియం, మళ్ళ పుర్రె.

మెల్‌బోర్న్_మాధవి:
క్విల్ సీన్ బాగా పట్టారు. ఇంకోటి, ఈ స్క్రిప్టు మొదట జో డాంటే అనే డైరెక్టర్ చేతిలో ఉండేది. ఆయన తర్వాత చెప్పిందేంటంటే అది సగం ఎగతాళిగా రాసుకున్నది, ఆయన తప్పుకున్నాక తీసినవాళ్ళు అదే స్క్రిప్టుని సీరియస్‌గా తీసేశారని. ఈ మాట తెలిశాక సినిమా చూస్తే అతుకు ఎక్కడుందో తెలుస్తుంది. మైక్రోస్కోప్ సీన్ చూడండి, విలన్ వేషం వేసిన ట్రీట్ విలియమ్స్ ఒక పెద్దాయన్ని ప్రేమగా కూర్చోబెట్టి ఇందులోంచి చూడండి అంటాడు, ఆయన వంగి ఫోకస్ తిప్పగానే లోపల్నుంచి కత్తులు కళ్ళలోకి. విలన్ మొహం చూస్తే కార్టూన్లో ఉన్నాడు. బిల్లీ జేన్ మాత్రం అదే సినిమాలో గుడికొచ్చినవాడిలా నెమ్మదిగా, భక్తిగా. ఇద్దరూ ఎదురుపడితే రెండు వేరే సినిమాలు కలిపి కుట్టినట్టుంటుంది.

గోదారి_గట్టు:
నాకు ఆ విలనే నచ్చాడమ్మా. మిగతావాళ్ళు ఎండలో నిలబడ్డ బొమ్మల్లా ఉన్నారు.

సెకండ్‌షో_శీను:
సరే సరే, గుట్టు వదిలేశారన్నది ఒప్పుకుంటున్నా. కానీ మీరంతా లెక్కలేసి కోసి పెడుతున్న సినిమాలోనే, సీప్లేన్లో పెట్రోలు అయిపోతుంటే కింద పరిగెడుతున్న గుర్రం మీదకి ఫాంటమూ హీరోయిన్ డయానా ఇద్దరూ దిగే సీనుంది. గ్రాఫిక్స్ కాదు, నిజం విమానం, నిజం గుర్రం. వేలాడే వంతెన మీద లారీ, లోపల కట్టేసిన పిల్లాడు, పలకలు ఒక్కొక్కటే ఊడుతుంటే లాగడం. ఇవి ఇవాళ ఏ సూపర్‌హీరో సినిమాలోనైనా ఇలా తీస్తున్నారా? అరగంట కరెంటు పోయినా నాకు ఇన్నేళ్ళు గుర్తున్నవి ఇవే, క్విల్ చూపు నిన్న రాత్రి దాకా గుర్తే లేదు.

డెంకాలి_వాసి:
అది నీ తప్పు కాదన్నా, సినిమా నీకు గుర్తుండేటట్టు చెయ్యలేదు. నేను చెప్తున్నదీ అదే.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ ఒకటే మాట రెండు వైపుల నుంచి అంటున్నారు, కొట్టుకోకండి. అన్నట్టు శీను గారూ, కరెంటు పోయిన అరగంటలో ఏ సీన్లు పోయాయి?

సెకండ్‌షో_శీను:
తండ్రి దయ్యం మొదటిసారి వచ్చేది మాస్టారూ 😀 చిన్నప్పుడు చూసినప్పుడు ఆయనెవరో ఆఖరిదాకా అర్థం కాలేదు, గుహలో అద్దెకున్న పెద్దాయన అనుకున్నా.

గోదారి_గట్టు:
హహ. ఇంతకీ ఫాంటమ్ సిగరెట్లు గుర్తున్నాయా ఎవరికైనా? తెల్లటి పిప్పరమెంటు పుల్ల, కొనకి ఎర్రరంగు. మా స్కూలు గేటు దగ్గర అమ్మేవాళ్ళు, వేళ్ళ మధ్య పెట్టుకుని పొగ వదిలినట్టు నటిస్తూ మాస్టారికి దొరికిపోయి బెంచీ ఎక్కాను.

డెంకాలి_వాసి:
ఎర్ర కొన ముందుగాల తినేటోడివా, ఆఖరికి దాచుకునేటోడివా? దాన్నిబట్టి నీ మాట వినాల్నా వద్దా చెప్త.