పెంకుల కింద గబ్బిలాలు: పిల్లలున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మాది పరకాల దగ్గర ఒక పల్లె, తాతల నాటి గూనపెంకుల ఇల్లు. వాసాలకూ పెంకులకూ మధ్య చిన్న గబ్బిలాలు చేరాయి. చెట్లకు వేలాడే పెద్దవి కావు, గుప్పిట్లో పట్టేంతవి. మొదట ఎలుకలనుకున్నాను. రెట్టను పుల్లతో నలిపితే పొడిపొడి అయి, అందులో పురుగుల రెక్కల తునకలు మెరిశాయి.

చలికాలంలో ఒకటీ అరా తప్ప కనిపించలేదు. పీడ వదిలిందని అమ్మ సంతోషించింది. ఎండలు ముదిరాక మళ్లీ వచ్చాయి. నిన్న దీపాలు పెట్టే వేళ అరుగు మీద కూర్చుని లెక్కపెడితే, ఒకే సందులోంచి 43 బయటకు వెళ్లాయి!

వానలు పడేలోపు పెంకులు సర్దించాలి. రాత్రి అవి వెళ్లగానే సందు సిమెంటుతో మూసేద్దామని మేస్త్రీ అంటున్నాడు. కానీ ఎగరలేని పిల్లలు లోపలే ఉండిపోతే తల్లులు లేక చస్తాయి కదా? ఆ కంపు సంగతి సరే, నాకు మనసొప్పడం లేదు.

పెంకులు విప్పకుండా పిల్లల జాడ కనిపెట్టే దారి ఉందా? మన వైపు అవి ఏ నెలకు ఎగురుతాయి? సందుకు వల వేలాడదీస్తే బయటకు పోతాయి గాని తిరిగి రాలేవంటారు, ఎవరైనా చేసి చూశారా? పొగ పెట్టమని మాత్రం చెప్పకండి. పక్కింటివారు పెడితే అన్నీ పడకగదిలోకి దిగాయి.