నాన్నగారికి ఎస్‌బీఆర్‌టీ రేడియేషన్: బీమ్ నడుస్తుండగా దగ్గొస్తే ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, అరండల్‌పేట. మా నాన్నగారికి 71 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి మానేశారు. కుడి ఊపిరితిత్తిలో చిన్న గడ్డ, తొలి దశ క్యాన్సర్. గుండె బలహీనంగా ఉందని ఆపరేషన్ వద్దన్నారు, ఎస్‌బీఆర్‌టీ (గడ్డకే గురిపెట్టి ఎక్కువ డోసు రేడియేషన్ కొద్దిసార్లే ఇచ్చే పద్ధతి) చేద్దామన్నారు. మామూలు రేడియేషన్ అయితే రోజుకు 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున వారాల తరబడి ఇస్తారు కదా, ఈయనకు ఒక్కోసారి 10 గ్రే, మొత్తం ఐదుసార్లే.

అంత డోసు కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోతే? నా భయమంతా అదే.

మొన్న సిమ్యులేషన్‌కి, అంటే చికిత్సకు ముందు పడుకునే తీరు కుదిర్చి స్కాన్ తీయడానికి, విజయవాడ తీసుకెళ్లాం. మెత్తటి పరుపులాంటి సంచి మీద పడుకోబెట్టి అందులో గాలి లాగేస్తే, అది ఆయన ఒంటి ఆకారంలోనే గట్టిపడిపోయింది. ఊపిరితో పాటు గడ్డ ఎంత కదులుతుందో చూడడానికి 4డీ సీటీ తీశారు. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చింది, పాపం, ఆపుకోలేకపోయారు. మళ్లీ మొదటి నుంచి తీశారు.

ప్రతిసారీ ముందు కోన్ బీమ్ సీటీ (చికిత్స మెషీన్ మీదే తీసే స్కాన్) తీసి గడ్డ స్థానం సరిచూస్తామన్నారు. మరి బీమ్ నడుస్తుండగా దగ్గొస్తే వెంటనే ఆపుతారా? మళ్లీ స్కాన్ తీశాకే కొనసాగిస్తారా? మీ ఇంట్లో ఎవరికైనా చేయించి ఉంటే దయచేసి చెప్పండి.

మెడికల్ ఫిజిసిస్టులు (రేడియేషన్ డోసు లెక్కలు చూసేవాళ్లు) ఉంటే ఇంకో మాట: ప్లాన్‌ను పేషెంట్ లేకుండా మెషీన్ మీద ముందే కొలిచి చూస్తారట, ఆ ఫలితం గురించి మేం అడగొచ్చా?

చేతులు తలపైకి పెట్టి ఎక్కువసేపు ఉండలేకపోతున్నారు, భుజం నొప్పి. రోజూ సాయంత్రం మంచం మీద అలవాటు చేయిస్తున్నాను. సోమవారమే మొదటి సిట్టింగ్.